లోకయాత్ర, మూడో రోజు

...అయినా కర్ర కంటే ముందు చూపు అటు పోయింది కదా, చూపు కంటే ముందు మనసు పోయింది కదా, అట్లాంటప్పుడు దాన్ని పొరపాటు అనడం ఎట్లా. చెయ్యి దానంతటదే లేచిందని నెల రోజులుగా తనకు తాను చెప్పుకుంటున్నాడు రామచంద్రయ్య. ఇంకెవరికీ చెప్పే అవసరం రాలేదు. ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండేది. అడిగినవాడికి ఒక అబద్ధం చెప్పి, ఆ అబద్ధాన్ని కాపాడుకునే పనిలో పడిపోవచ్చు. అడగనివాళ్ల ముందు మనిషి అబద్ధం కూడా చెప్పలేడు.

ధోవతి మడిచి సంచిలో పెట్టాడు. మళ్లీ తీసి ఇంకోరకంగా మడిచాడు. రేపు పొద్దున పరమేశ్వర్ బండి మహేశ్వరం నుంచి కందుకూరు పోతుంది. "నువ్వు లేకుంటే నా బొమ్మలు మూగవి, వచ్చి కలువు" అని కబురు పంపాడు. పోతే ఒకటి రెండు నెలలు ఈ ఊరి ముఖాలు చూడనక్కర్లేదు. అన్ని ముఖాలూ కాదు. ఒక్కటి. సైదులు ముఖం.

మాఘమాసంలో వచ్చాడు పరమేశ్వర్, పట్నం నుంచి. సికింద్రాబాదులో తెల్ల సిపాయిలు ఇల్లు ఖాళీ చేసి పోయేటప్పుడు వాళ్ల క్లబ్బులోని చేతితో తిప్పే సినిమా మిషను, ఒక పెట్టెడు ఫిల్ము చుట్టలు కొన్నాడట. వాటిలో కథ లేదు, పాట లేదు, మాట అసలే లేదు. ఊళ్లు ఉన్నాయి. ఓడలు, మంచుకొండలు, ఎడారిలో ఒంటెలు, ఎక్కడివో సంతలు. తెల్లవాళ్లు సెలవుల్లో తిరిగిన చోట్లన్నీ తీసి పెట్టుకున్నవి. దానికి 'లోకయాత్ర' అని పేరుపెట్టి, ఇక్కడ ఇబ్రహీంపట్నంలో మూడు దినాలు, దినానికి నాలుగు చుట్టలు అని డప్పు కొట్టించాడు. మొదటి రోజు సముద్రం, రెండో రోజు కొండలు, మూడో రోజు రేవులూ సంతలూ.

మిలిటరీ వచ్చి నాలుగు నెలలు దాటినా, పొద్దుగూకితే గుంపుగా కూడరాదన్న హుకుం ఇంకా ఉంది. అందుకని ఆట మధ్యాహ్నం పూట, ఊరి చివర మూతపడ్డ నూనె మిల్లు షెడ్డులో. కిటికీలకు గోనెసంచులు కట్టారు. మేకులు ఊడిన రేకుల తొర్రల్లోంచి సన్నటి ఎండపుల్లలు దిగేవి. అవి తప్ప లోపలంతా చీకటి.

రజాకార్ల కాలంలో రామచంద్రయ్య బడి మూతపడింది. తర్వాత తెరిచే నాథుడు లేడు. పిల్లలు లేని పంతులు ఊళ్లో ఏమవుతాడు? ఉత్తరాలు రాసిపెట్టేవాడవుతాడు. ఏడాదిన్నరగా అతను పక్కవాడి మాటలే రాస్తున్నాడు, తన మాట మాట్లాడలేదు. "ఈ దేశాల సంగతి నీకు ఎర్కనా?" అని పరమేశ్వర్ అడిగితే, ఎరుకే అన్నాడు. హైదరాబాదు దాటి ఎన్నడూ పోనివాడు ఆ మాట ఎంత సులువుగా అన్నాడో, అన్న తర్వాత ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

తెర పక్కన నిలబడి వెదురు కర్రతో చూపిస్తూ చెప్పాడు. తెలియనిచోట కల్పించాడు. చీకట్లో తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. వెలుగులో నలుగురి ముందు నోరు పెగలనివాడు, ముఖం కనపడకపోతే ఎంత మాట్లాడగలడో ఆ రోజే తెలిసింది.

మిషను ఒకటే. ఒక చుట్ట అయిపోతే అది విప్పి ఇంకోటి ఎక్కించేదాకా జనాన్ని కూర్చోబెట్టాలి. ఏదో ఒకటి చెప్పు, లేవనియ్యకు అన్నాడు పరమేశ్వర్. కందిలి వత్తి పెంచి పక్కన పెట్టుకుని, నోటికి వచ్చింది అనేశాడు. ఓడ బయలుదేరుతున్నది, ఎవరెవరు ఎక్కుతారని. ఎవరూ పలకలేదు. అప్పుడు తనే "బుగ్గయ్య" అని పిలిచి కర్ర అటు చూపించాడు. చెరువు మీద బతికే ఇండ్లన్నిటికీ పెద్ద బుగ్గయ్య. మీసం సవరించుకుని "ఎక్కిన" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. యాదయ్య ఎక్కాడు. కాశమ్మ, తన మేకను కూడా ఎక్కనిస్తేనే వస్తానంది. రెండో చుట్ట అయ్యాక ముసలి నర్సింహమ్మ లేచి నిలబడింది.

"పంతులూ, మా యింటాయనను గూడ ఎక్కియ్యి."

ఆయన చనిపోయి పదేండ్లు. మొగుని పేరు ఆడమనిషి నోట అనదు. ఆయన పోయిన తర్వాత ఆ పేరు ఆ గుడిసెలో మళ్లీ వినపడి ఉండదు. రామచంద్రయ్య కర్ర దించి, ఎటూ చూడకుండా, "వీరస్వామి" అని పిలిచాడు. "ఎక్కిండు" అంది నర్సింహమ్మ. అని, కూర్చుని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత అదే పద్ధతి అయింది. ఎదురుగా ఉన్నవాళ్లకైతే కర్ర వాళ్ల వైపు తిరుగుతుంది, వాళ్లే పలుకుతారు. లేనివాళ్లకైతే కర్ర నేల చూస్తుంది, ఇంటివాళ్లు పలుకుతారు. చచ్చినవాళ్లు ఎక్కారు, బొంబాయి మిల్లులకు పోయి కబురు లేనివాళ్లు ఎక్కారు, రజాకార్లు ఊరు కాల్చిన నాడు పరుగెత్తి మళ్లీ కనపడనివాళ్లు ఎక్కారు. సాయంత్రానికి అది తాతల నాటి ఆచారంలాగా స్థిరపడిపోయింది.

ఒక్క రకం వాళ్లను మాత్రం అతను పిలవలేదు. సంఘంలో చేరి రజాకార్ల మీద కొట్లాడి, మిలిటరీ వచ్చాక కూడా తుపాకులు దించకుండా అడవి పట్టినవాళ్లను. మిలిటరీ జమేదారు మూడు రోజులూ వాకిలి దగ్గర నూనెడబ్బా బోర్లించుకుని కూర్చుని బొమ్మలు చూశాడు. ఎక్కడో సముద్రం పక్కవాడట. ఓడ వచ్చినప్పుడల్లా తొడ చరిచేవాడు. అతనికి తెలుగు రాదు. అయినా పిలవలేదు.

రెండో రోజు తెరంతా తెల్లగా మంచు. అంత ఉప్పా అని కాశమ్మ నోరు తెరిచింది. అంత ఉప్పుంటే సర్కారోళ్లు ఊకుంటరా, నీకు చూడనిస్తరా అని యాదయ్య. ఆ నవ్వుల్లోంచి సైదులు గొంతు వచ్చింది. సైదులు వల విసరడంలో దిట్ట, మాట విసరడంలో అంతకు మించి. చిన్నప్పుడు పంతులు బడిలో కూడా అంతే.

"ఏం పంతులూ, సచ్చినోళ్లను ఎక్కిస్తివి, మేకను ఎక్కిస్తివి. అడివిల ఉన్నోళ్లకు టికెట్టు లేదా? జమేదారు అంటే గంత భయమా?"

జనం నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఆ నిశ్శబ్దం అతని లోపల ఎక్కడో కూర్చుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయం అన్న మాటకు కాదు. తనకు భయమని అందరికీ ముందే తెలుసన్నట్టు ఎవరూ ఆశ్చర్యపోకపోవడానికి.

మూడో రోజు, మొదటి చుట్ట ఏదో చలిదేశపు రేవు. బల్లల ముందు వరసగా ఆడవాళ్లు నిలబడి చేపలు కోస్తున్నారు. చెరువు ఆడవాళ్లందరూ ముందుకు జరిగారు. "గా తెల్లామెకు కత్తి పట్టుడు రాదు, మా అత్త జూస్తే ఇంట్లకు రానియ్యదు" అని సైదులు పెండ్లాం అనంతమ్మ తీర్పు చెప్పింది. చుట్ట అయిపోయింది. కందిలి పెంచాడు.

అప్పుడు చూశాడు.

ఎడమ గోడ పక్కన, ఆడవాళ్లు కూర్చునే చోట, నాగులమ్మ. ఆమె పక్కన చీర నుదుటి దాకా లాక్కున్న ఇంకొక మనిషి. మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, రెండు మోకాళ్ల నడుమ గడ్డం ఆనించి. అట్లా కూర్చోవద్దని నాలుగేండ్లు ఒకే పిల్లవాణ్ని మందలించాడు రామచంద్రయ్య, మూడో వరసలో. ఆ పిల్లవాడు పెరిగి వల పట్టాడు, తర్వాత తుపాకి పట్టాడు. నాగులమ్మ మొగుడు, లింగస్వామి.

ఏడాదిగా వాళ్లకు కలిసే చోటు లేదు. ఇంటి మీద కాపలా, చెరువు కట్ట మీద కాపలా. పట్టపగలు ఊళ్లో చీకటి దొరికే చోటు ఆ షెడ్డు ఒక్కటే. ఆ చీకట్లో భుజానికి భుజం ఆనించి కూర్చున్నారు, అంతే. ఇంకేమీ లేదు. ఇద్దరూ తెర వైపే చూస్తున్నారు.

ఆ క్షణాన తన లోపల ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా విప్పి చూసుకున్నాడు రామచంద్రయ్య, పరమేశ్వర్ మిషను విప్పినట్టు. మొదట సంతోషం. అంతటివాడు కూడా ప్రాణం మీదికి తెచ్చుకుని నా బొమ్మలు చూడ వచ్చాడని. వాడు వచ్చింది పెండ్లాం కోసమని తెలిసి కూడా ఆ సంతోషం పోలేదు. ఆ వెనక సైదులు మాట. ఆ వెనక, అన్నిటికంటే అడుగున, చెప్పుకోవడానికి సిగ్గయ్యేంత చిన్నది ఒకటి. నేను నిన్ను గుర్తుపట్టాను అని వాడికి తెలియాలి. ఊళ్లో ఎవరూ పట్టలేనిది నేను పట్టాను అని.

యాదయ్యను పిలిచాడు. కాశమ్మను పిలిచాడు. ఇంకో ఇద్దరిని. ఆపైన, "లింగస్వామి" అన్నాడు.

అందరి తలలూ నాగులమ్మ వైపు తిరిగాయి, ఆమె నోటి నుంచి 'ఎక్కిండు' అన్న మాట కోసం. వాళ్లకది అడవిలో ఉన్నవాడి పేరు. ఈ పంతులుకు గుండె ఉందే అనుకున్నారు. కర్రను ఎవరూ చూడలేదు. కర్ర నేల చూడలేదు. నిటారుగా లేచి, ఎడమ గోడ వైపు, చీర కప్పుకున్న ఆ మనిషి వైపు చూపింది.

లింగస్వామి చూశాడు. గడ్డం మోకాళ్ల మీంచి లేచింది. బయటికి దారి ఆ ఒక్క వాకిలే. వాకిలి దగ్గర నూనెడబ్బా మీద కూర్చున్నవాడు కూడా చూశాడు. తెలుగు రానివాడికి కూడా పేర్లు అర్థమవుతాయి. పట్టుకోవలసినవాళ్ల పేర్లున్న అతని కాగితంలో ఆ పేరు మొదటి వరసలో ఉంది. ఉన్నవాళ్ల వైపే కర్ర తిరుగుతుందని రెండు రోజులుగా అతనూ చూస్తూనే ఉన్నాడు.

నాగులమ్మ పలకలేదు. పాపం, దుఃఖం పట్టలేకపోయిందనుకున్నారు జనం. కందిలి తగ్గింది, ఒంటెలు వచ్చాయి. ఆ చుట్ట నడుస్తుండగా సైదులు లేచి వాకిలి దాకా పోయి, జమేదారును బీడీకి నిప్పు అడిగాడు. జమేదారు నిప్పు ఇచ్చి బయటికి పోయాడు. ఒంటెలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి, నలుగురు జవాన్లు లోపలికి వచ్చి నేరుగా ఎడమ గోడ దగ్గరికి పోయారు. చీర కప్పుకుని ఉండగానే పట్టుకుపోయారు. నాగులమ్మ హయత్‌నగర్ తోవ దాకా వెంట ఉరికింది.

ఎవరు పట్టించారన్నదానికి ఊరు ఎక్కువసేపు ఆలోచించలేదు. లేచిందెవరు? జమేదారుతో మాట్లాడిందెవరు? ముందు రోజు అడివిలోళ్ల ఊసు తెచ్చిందెవరు? సైదులు ఇంటికి నిప్పు బందయింది, నీళ్లు బందయ్యాయి. ఒక పొద్దున లేచి చూస్తే వల నిలువునా కోసి ఉంది. ఈ సోమవారం బుగ్గయ్య కులపంచాయితీ పెడుతున్నాడు. తప్పు తేలితే సైదులు ఇంటికి చెరువు బందు. ఇక ఆ నీళ్లలో వాడు గానీ వాడి కొడుకులు గానీ వల వేయరాదు. చెరువు తప్ప సెంటు భూమి లేనివాడు.

పంతులుకు మాత్రం గౌరవం పెరిగింది. అందరూ నోరు మూసుకున్న చోట ఆ పేరు ఎత్తినవాడని. కాశమ్మ మేకపాలు తెచ్చి ఇచ్చి పోతున్నది. తాగుతున్నాడు. కక్కుకోకుండా తాగగలుగుతున్నందుకు తన మీద తనకే ఆశ్చర్యంగా ఉంది.

నాలుగు రోజుల కింద సైదులు వచ్చాడు. గడప ఎక్కలేదు. ఎక్కమంటే తనకూ నిప్పు బందవుతుందని రామచంద్రయ్యా పిలవలేదు. మాటలు విసిరే మనిషి ఆ రోజు ఒక్కొక్క మాటే తీసి పెట్టాడు.

"పంతులూ. నువ్వు తెర కాడ నిలవడ్డవ్. అందరి మొకాలు నీకు కనవడ్తయ్. నిప్పు దప్ప నేనేమన్న అడిగిన్నా, నువ్వు జెప్పు. నీ మాట ఇంటరు."

చెప్పాడు. తను తెర వైపు తిరిగి ఉన్నానని, చూడలేదని చెప్పాడు. సైదులు "గట్లనా" అని పోయాడు. ఆ 'గట్లనా'లో అనుమానం ఉంటే ఎంత బాగుండును. లేదు. నమ్మి పోయాడు.

ధోవతి మూడోసారి సంచిలో పెట్టాడు. సోమవారం నాటికి తను కందుకూరులో ఉంటాడు. ఎవరికో ఒంటెల గురించి చెబుతూ ఉంటాడు. ఇక్కడ ఏం తేలిందో ఎప్పుడో ఎవరో చెబితే అయ్యో అనవచ్చు. అయ్యో అన్న మాట అప్పుడే గొంతులో తయారుగా ఉంది, సరిగ్గా ఎంత విచారంతో అనాలో అంత విచారంతో.

"పంతులూ, ఉన్నవా?"

నాగులమ్మ. చేతిలో కార్డు. గడప లోపల చాప చివర కూర్చుంది. సంచి వంక చూసి, ఊరికి పోతున్నవా అని అడిగింది. ఇంకా అనుకోలేదన్నాడు. పట్నం జైలుకు పోయి వచ్చేవాడొకడు దొరికాడని, రేపు పొద్దున పోతాడని, కార్డు రాసి ఇస్తే జైలువాళ్లు చదివి ఆయనకు ఇస్తారని చెప్పింది. రామచంద్రయ్య సిరాబుడ్డి తీసి, పలక మోకాలి మీద పెట్టుకుని కార్డు దాని మీద పరిచాడు. పేరు ఆమె చెప్పలేదు, చెప్పదు. పైన తనే రాశాడు. చిరంజీవి లింగస్వామికి. బడి పుస్తకం మీద రాసినట్టే వచ్చింది అక్షరం.

ఆమె చెప్పింది. బిడ్డ గోడ పట్టుకుని నడుస్తున్నది. చెరువు తగ్గింది. పక్కింటివాళ్లు బియ్యం ఇచ్చారు, ఫికరు చేయవద్దు. దెబ్బలు మానినయా. చిన్న చిన్న మాటలు, ఒక్కొక్కటీ చెప్పి, అతని కలం ఆగేదాకా ఆగి, ఇంకొకటి.

"ఇగ అసలు సంగతి రాయి. సోమారం కులం కూడుతున్నది. నిన్ను పట్టిచ్చింది సైదులే. బుగ్గయ్య మామ నిన్ను ఒక్క మాట అడగమన్నడు. జవాబు రాకున్నా అవ్ అన్నట్టే అనుకుంటమన్నడు."

కలం కదల్లేదు.

"రాస్తున్నవా?"

"ఊ."

"ఇంకోటి గూడ రాయి." ఆమె గొంతు కొంచెం మెత్తబడింది. "అందరు నీ పేరు ఎత్తనీకి భయపడ్డరు. పంతులొక్కడే పిల్చిండు అని రాయి. గది ఇంటే సంబరపడ్తడు."

తనను చూపిందెవరో లింగస్వామికి తెలుసు. ఈ కార్డు చేరితే, జైలు గదిలో గడ్డం మోకాళ్ల మీద ఆనించి, తన పంతులు చేతిరాతతో సైదులు పేరు చదువుతాడు. చదివి ఏమంటాడు? నిజం చెప్పవచ్చు. చెప్పినా ఆ కబురు సోమవారానికి చేరదు. లేదా పంతులు గదా అని ఊరుకుంటాడు. అదీ జరగవచ్చు. బడిలో తను తప్పు లెక్క బోర్డు మీద రాస్తే, తెలిసి కూడా తల వంచుకుని అట్లాగే ఎక్కించుకున్న పిల్లవాడు. ఆ ఊరుకోవడమే అన్నిటికంటే భరించరానిది అనిపించింది. అప్పుడు తన పాపం ఇద్దరి ఇండ్లలో ఉంటుంది, తన ఇంట్లో తప్ప.

ఇప్పుడు నోటితో చెబితే? పొరపాటున అయిందని చెప్పాలి. పొరపాటు అంటే అబద్ధం. కావాలని చేశానంటే అదీ అబద్ధమే. రెంటి నడుమ ఉన్నదానికి మాట ఏది? ఆ మాట దొరికేదాకా ఆగుదామనుకున్నాడు నెల రోజులూ. అది దొరకదని, దొరకకూడదనే తను వెతుకుతున్నాడని ఇప్పుడు తెలుస్తున్నది. సైదులుకు కావలసింది ఆ మాట కాదు. ఒక్క పేరు.

కలం ముంచాడు. రాశాడు. ఇసుక చల్లి దులిపాడు.

"అయిందా? జర చదువు, ఇంట" అంది నాగులమ్మ. ఎవరి ఉత్తరమైనా రాసిన తర్వాత చదివి వినిపించాలి, లేకపోతే రాసినట్టు కాదు. ఆమెకు చదువు రాదు. ఆ ఒక్క వరస బదులు ఆమె చెప్పిందే చదివినా తెలియదు. కార్డు పట్నం పోతుంది, తను కందుకూరు పోతాడు.

మొదటి నుంచి చదివాడు. బిడ్డ నడుస్తున్నదన్న చోట ఆమె నవ్వింది. చెరువు తగ్గిందన్న చోట తల ఊపింది. బియ్యం. దెబ్బలు. కింది వరస దగ్గర ఆగాడు. ఆమె చూస్తున్నది, ఇంకా ఉందని తెలిసినట్టు.

రామచంద్రయ్య ఆ వరస కింద వేలు పెట్టాడు. "నిన్ను చూపించింది సైదులు కాదు. నేను, రామచంద్రయ్యను," అని, ఒక్క అక్షరం కూడా దాటకుండా, ఆమెకు వినపడేట్టు చదివాడు.